ఇంటి ముంగిట పూచి ఊరిమీద పడే మొక్కలు



ఆర్మూరు పేరు చెప్పగానే ఎవరికైనా పసుపే జ్ఞాపకము వచ్చును. మృగశిర కార్తెలో విత్తనపు కొమ్ము నాటింది మొదలు, మాఘ ఫాల్గుణాలలో తవ్వి, ఉడికించి, ఆరబోసి, బస్తాలకెత్తి యార్డుకు చేర్చే దాకా మనకు కంటినిండా నిద్ర ఉండదు. చేనిలో ఒక్క ఆకుమీద మచ్చ కనబడితే పదిమందిని అడుగుతాము. కాని ఇంటిముందు, పెరటిలో, బాయికాడ మనము చేతులారా నాటుకొన్న పూలమొక్క ఏ జాతిది, అది ఎటు పాకుతున్నది అని ఎన్నడూ అడగము. ఈ పూట చెప్పదలచినది ఆ మొక్కల సంగతి. దానితోబాటు పెరటి తోటలో తరచుగా ఎదురయ్యే కొన్ని చిక్కుల సంగతి కూడా.

పూలమొక్కలు పెంచవద్దని నేను చెప్పడం లేదు. పరదేశపు మొక్క అయినంతమాత్రాన చెడ్డదనీ అనడం లేదు. మనము తినే మిరప, టమాట, మక్క, జామ అన్నీ అమెరికా ఖండము నుండి వచ్చినవే. బతుకమ్మకు పేర్చే బంతి కూడా అక్కడిదే. బంతి విత్తనము మనము చల్లితే మొలచును, చల్లకపోతే లేదు. ఊరి పొలిమేర దాటి గుట్టలెక్కి అడవిని ఆక్రమించదు. కాని కొన్ని మొక్కలకు మన సేవ అక్కరలేదు. నీరు పోయకున్నా పెరుగును, కొట్టివేస్తే రెట్టింపు చిగురు వేయును, పశువు నోరు పెట్టదు. వాటిని తినే పురుగులు, తెగుళ్ళు వాటి పుట్టిన దేశములోనే మిగిలిపోయినవి. మొక్క ఒక్కటే ఓడ ఎక్కి వచ్చినది. అటువంటి దానికి ఇక్కడ అడ్డెవరు?

ముందుగా లంటానా సంగతి చూద్దాము. తలంబ్రాల చెట్టు అంటారు, పులికంప అంటారు. పసుపు, గులాబి, నారింజ రంగుల చిన్న పూలు ఒకే గుత్తిలో ఉంటాయి. ఈ రంగుల మార్పు వెనుక ఒక యుక్తి కలదు. కొత్తగా విచ్చిన పువ్వు పసుపుగా ఉండును, దానిలో తేనె ఉండును. సీతాకోకచిలుక వచ్చి పోయిన తరువాత అదే పువ్వు రంగు మారును. గుత్తి రంగురంగులుగా దూరానికి కనబడును, దగ్గరకు వచ్చిన చిలుక తేనె ఉన్న పువ్వునే వెదకి పట్టుకొనును. ఈ అందము చూచియే తోటమాలులు దీనిని దేశదేశాలకు తీసుకొనిపోయినారు. మన దేశానికి 1807 ప్రాంతములో కలకత్తా వృక్షోద్యానానికి వచ్చినది. పూలతోటల వారు ఒక రకముతో మరొక రకమును కలిపి ఎన్నో సంకరములు తయారుచేసిరి. ఆ సంకరములే తోటల గోడలు దాటి, అసలు మొక్క కంటె మొండివై, అడవిన పడినవి.

ఇప్పుడు దాని వ్యాప్తి ఎంతో తెలుసునా? 2020లో వెలువడిన ఒక పరిశోధన ప్రకారము మన దేశములో పులులు తిరిగే అడవులలో నూటికి 40 వంతుల పైచిలుకు భూమిలో లంటానా ఉన్నది. అంత దూరము పోనక్కరలేదు, మన చెరువుకట్టలు, చెలుకల గట్లు, గుట్టల మొదళ్ళు చూడండి. సిద్ధుల గుట్టవంటి రాతిబండల సందున గుప్పెడు మట్టి దొరికినా అది వేరు దించగలదు. ఒక్క పొద ఏడాదికి 12,000 కాయల వరకు కాయును. నల్లగా నిగనిగలాడే ఆ పండ్లను పిగిలిపిట్ట, గోరింక తిని, ఎక్కడ వాలితే అక్కడ విత్తనము వేయును. కంచె రాయిమీద వాలితే కంచె మొదట, తుమ్మచెట్టు మీద వాలితే తుమ్మ నీడన. అందుచేతనే ఎవరూ నాటని చోట కూడా వరుసగా మొలచి ఉండును. పొద క్రింద గడ్డి మొలవదు. తంగేడు మొలకెత్తినా వెలుతురు లేక పైకి రాదు. 2014లో మన రాష్ట్ర పుష్పమని పేరు పొందిన ఆ తంగేడుకోసమే పెత్రమాస ముందు ఆడవారు ఏటేటా ఇంకొంచెము దూరము నడవవలసి వస్తున్న ఊళ్ళు ఉన్నవి.

రైతుకు దీనివల్ల వచ్చే నష్టములలో నేను మొదట చెప్పేది పశువు సంగతి. స్థలమెరిగిన ఆవు, గొర్రె సాధారణముగా లంటానా జోలికి పోవు. ఎండాకాలము గడ్డిలేక ఆకలిమీద ఉన్న మంద, లేదా సంతలో కొని కొత్తగా తోలుకువచ్చిన పశువు తినును. ఈ ఆకులోని విషము కాలేయమును దెబ్బతీయును. పశువు మేత మానును, మలబద్ధకము కలుగును, కంటి తెల్లగుడ్డు, చిగుళ్ళు పచ్చబడును, మూత్రము ముదురు పసుపుగా పోయును. ఎండలో నిలబడితే మూతి, చెవులు, తెల్లని మచ్చలున్న చోట చర్మము కమిలి పెచ్చులూడును. అటువంటిది చూడగానే దిష్టి అని పక్కన పెట్టవద్దు. ఆ పశువును వెంటనే నీడకు మార్చి, చల్లని నీరు అందుబాటులో ఉంచి, ఆ దినమే పశువైద్యునికి కబురు చేయవలెను. రెండుమూడు దినములు ఆగితే చేయగలిగింది తక్కువ.

రెండవ నష్టము అడవిపంది. మక్కచేను, పసుపు చేను తవ్విపోసే పందులకు పగటిపూట దాగుటకు చిక్కని నీడ కావలెను. లంటానా పొద, సర్కారు తుమ్మ పొద కలిసిన చోటు వాటికి కోటవంటిది. చేను చుట్టూ తీగ కట్టి, రాత్రిళ్ళు మంచెమీద కావలి కాసి, గట్టుమీది పొదను మాత్రము అట్లే వదలినవారిని నేను చాలమందిని చూచినాను. పందికి పడక మనమే పరచి, దానిని రావద్దంటే ఎట్లా?

ఇక దీనిని తీసే పద్ధతి. కొడవలితో కోసివేస్తే లాభము లేదు, మొదలునుండి పది చిగుళ్ళు వచ్చును. తగులబెట్టినా అంతే, పైది కాలును, వేరు బ్రతుకును, చుట్టూ ఉన్న మంచి గడ్డి మాత్రము చచ్చును. ఢిల్లీ విశ్వవిద్యాలయములో ఆచార్య సి. ఆర్. బాబు, వారి సహచరులు పరీక్షించి చూపిన ఒక సులభ మార్గము కలదు. చిగుళ్ళు వేసే భాగము కాండము మొదలు, వేరు పైభాగము కలిసే గుబురులోనే ఉండును. దానికి దిగువ వేరునుండి చిగురు రాదు. కనుక గుద్దలితో మొదలు చుట్టూ మట్టి తీసి, భూమట్టానికి ఒకటి రెండు అంగుళముల లోపల తల్లివేరును నరకవలెను. నరికిన పొదను తలక్రిందులుగా, వేళ్ళు ఆకాశానికి ఉండేటట్లు, దాని మీదనే ఎండవేయవలెను. వేళ్ళు మట్టికి తగిలితే మళ్ళీ పట్టుకొనును. ఒకరు పొదను కర్రతో ఎత్తిపట్టుట, ఒకరు నరకుట, ఇద్దరు మనుషుల పని. కాయ పండక ముందే చేయవలెను. వానలు పడి నేల మెత్తబడిన తరువాత అయితే శ్రమ సగము తగ్గును.

ఖాళీ అయిన చోటును ఖాళీగా ఉంచరాదు. ఇది చాలమంది మరచే సంగతి. మట్టిలో పాత విత్తనము ఉండనే ఉన్నది. ఆ చోట గడ్డి విత్తనము చల్లండి, లేదా కంచె కావాలంటే వావిలి, అడ్డసరము కొమ్మలు నాటండి. ఈ రెండూ మన నేలవే, కొమ్మ పెట్టితే బ్రతుకును, మేక ముట్టదు, పక్కచేనిలోకి పాకదు. వావిలాకు ధాన్యపు గాదెలలో వేయుటకు, బాలింతల స్నానానికి, అడ్డసరపాకు దగ్గు కషాయానికి ఎట్లాగూ కావలసినవే. ఇంటిముందు దడికి గోరింట, మందార, నందివర్ధనము ఉన్నవి. నర్సరీవారు రంగురంగుల పొట్టి లంటానా కుండీలలో అమ్ముదురు. కొన్ని రకములకు కాయ పట్టదని వారందురు. అది నిజమే కావచ్చు. కాని మీ ఇంట నాలుగు నెలలు పెరిగిన తరువాత ఒక్క పచ్చికాయ కనబడినా ఆ మొక్కను కుండీతో సహా తీసి పడవేయుటయే మంచిది.

గుర్రపుడెక్క కథ ఇంకొక తీరు. అమెజాను నదీప్రాంతపు మొక్క. నెమలిపింఛపు కన్నువంటి మచ్చగల లేత ఊదాపువ్వు చూచి ముచ్చటపడి, 19వ శతాబ్దము చివర బెంగాలులో పెంచిరి. నలభై ఏండ్లు తిరగకముందే అక్కడి నదులలో పడవలు కదలలేదు, వరిమళ్ళు మునిగినవి. 1936లో దీనిని తొలగించుటకు ప్రత్యేకముగా ఒక చట్టమే చేయవలసి వచ్చినది. ఒక పువ్వుమీద చట్టము!

ఇది ఎంత వేగముగా పెరుగునో పసుపు లెక్కతోనే చెబుతాను. అనుకూలమైన నీటిలో రెండు వారములకు ఒకసారి ఇది రెట్టింపగును. మీరు మృగశిరలో పసుపు నాటిన దినమున, ఎవరో ఇంటి తొట్టిలోని ఒక్క మొక్కను ఎక్కువైనదని చెరువులో విడిచిరి అనుకొందాము. పదిహేను దినములకు రెండు, నెలకు నాలుగు. ఆరు నెలలకు 4,096. మీరు పసుపు తవ్వే ఎనిమిదవ నెలకు 65,536. చలికాలములో పెరుగుదల మందగించును, పశువులు త్రొక్కును, కొన్ని ఎండును, కాబట్టి లెక్క అచ్చముగా ఇట్లే జరుగదు. అయినా తొలి మూడు నెలలు ఎవరి కంటికీ ఆనదు, ఆ తరువాత ఎవరి చేతికీ లొంగదు అన్నది మాత్రము ఈ లెక్కవల్ల తెలియును. తీయవలసినది ఆ మూడు నెలలలోనే.

చెరువు మొత్తము కప్పుకొన్న తరువాత నీటిలోకి వెలుతురు, గాలి పోవు, చేపలు తేలును. తూముకు అడ్డుపడును. వట్టి నీటినుండి ఆవిరయ్యే దానికంటె ఈ ఆకులద్వారా పోయే నీరు ఎక్కువ. మాన్సోనియా అనే దోమజాతి పిల్లలు నీటిమొక్కల వేళ్ళకు గుచ్చుకొని అక్కడినుండే గాలి పీల్చుకొనును; కనుక నీటిపై నూనె చల్లినా అవి చావవు. సద్దుల బతుకమ్మనాడు అమ్మను సాగనంపుటకు నీటి అంచు దొరకక, ముందురోజు మనుషులను పెట్టి గజము గజము తీయించవలసిన అవస్థ మన ఊళ్ళకు కొత్తకాదు.

తీసే పద్ధతిలో రెండు మూడు జాగ్రత్తలు చెప్పవలసి ఉన్నది. మొదటిది, ఎండాకాలములో నీరు ఒక మూలకు చేరినప్పుడు తీయండి; కూలి నాలుగోవంతు పట్టును. రెండవది, తీసినదానిని కట్ట లోపలివైపు ఒడ్డున కుప్పవేసి పోవద్దు. మొదటి వానకే తిరిగి చెరువులో పడును. కట్ట అవతలకు మోయవలెను. మొక్కలో నూటికి 95 వంతులు నీరే గనుక ఆరిన తరువాత 100 కిలోలకు ఐదారు కిలోలే మిగులును. పచ్చిదానిని బండికెత్తి దూరము తోలుట డబ్బు దండుగ, దగ్గరలోనే ఎండనివ్వండి. మూడవది, పెద్దపని అయిపోయిన తరువాత పదిహేను దినములకొకసారి ఇద్దరు మనుషులు గట్టువెంట తిరిగి మిగిలిన ఒకటి అర ఏరవలెను. మన జిల్లాలో గ్రామాభివృద్ధి కమిటీలు గట్టిగా పనిచేస్తున్నవి. మొదటి దినమున డప్పులతో వందమంది వచ్చుట వారికి కష్టము కాదు. ఆ పదిహేనవ దినపు ఇద్దరు మనుషులనే ముందుగా నియమించుకొనవలెను.

దీని విత్తనము బురదలో పదిహేను ఇరవై ఏండ్లు బ్రతికి ఉండును. అందువల్ల ఒకసారి తీసి చేతులు కడుగుకొనుటకు వీలులేదు. మిషన్ కాకతీయ క్రింద 2015 నుండి చెరువుల పూడికమట్టి పొలాలకు తోలుకొన్నవారు కొందరు ఈ మాట విని భయపడుదురు. భయము అక్కరలేదు, ఆరుతడి పసుపు చేనిలో, మక్కచేనిలో అది మొలచినా నిలువదు. మురుగుకాలువ చెరువులో కలిసేచోట మాత్రము అది ఎరువు తిన్న పైరువలె పెరుగును. ఊరి మురుగును ఆపకుండా గుర్రపుడెక్కను తీయడము, ఒకచేత ఎరువు వేసి ఒకచేత కలుపు తీయడమే. కలుపుమందు చెరువులో చల్లుదామని అడిగేవారున్నారు. వద్దు. పశువులు త్రాగే నీరు అది. పైగా ఒక్కసారి చచ్చిన ఆకంతా కుళ్ళి నీటిలోని ప్రాణవాయువును హరించును, చేపలు చచ్చును. ఎండిన దానిని పేడతో కలిపి ఎరువుగుంతలో వేయవచ్చును, పూత రాకముందు తీసినదైతేనే. పట్టణపు మురుగు చేరిన చెరువుదైతే కూరగాయల మడికి వాడకపోవుట మేలు.

కాలువగట్లవెంట తూటికాడ అనే మొక్కను మీరందరు ఎరుగుదురు. లొట్టపీసు అనీ అంటారు. గరాటా వంటి లేత గులాబి పూలు, గుల్లకాడ. ఇదికూడా దక్షిణ అమెరికానుండి అందానికి, కంచెకు పనికివచ్చునని తెచ్చినదే. 1963లో పోచంపాడు దగ్గర శంకుస్థాపన జరిగిన శ్రీరాంసాగర్ మన మాగాణికి నీరు తెచ్చినది. ఆ నీరు పారే పిల్లకాలువలలో ఈ కాడ పాతుకొంటే పూడిక ఆగును, చివరి భూములకు నీరు అందదు. కొట్టి కాలువలో పడవేసిన ప్రతి ముక్క దిగువన ఎక్కడో వేరు పట్టును. కాలువ మరమ్మతునాడు కొట్టినదంతా నీటిలోకే త్రోయడము చూస్తే నాకు ఒళ్ళు మండును. వేరుతో పెరికి, గట్టుమీద కాదు, గట్టు అవతల ఎండలో పరచవలెను. మేకలవారు దీని విషయములో మరీ జాగ్రత్తగా ఉండవలెను. మొదట మేక దీనిని ముట్టదు. ఒకసారి అలవాటుపడిన మేక కల్లు మరగిన మనిషివలె దానికోసమే వెదకును. కొన్ని వారములకు తల వణుకును, వెనుకకాళ్ళు తడబడును, ఎంత మేసినా బక్కచిక్కును. మందలో ఒకటి మరగితే దానిని చూచి మిగిలినవి నేర్చుకొనును. అటువంటి దానిని వెంటనే వేరుచేయుట తప్ప గత్యంతరము లేదు.

పురుగులను వదలి ఈ మొక్కలను చంపలేమా అని చదువుకొన్న యువకులు అడుగుదురు. మంచి ప్రశ్న. నాగజెముడు కథ మీ తాతలకు తెలుసు. దక్షిణ భారతదేశములో లక్షల ఎకరములు కప్పిన ఆ ముండ్లమొక్కను 1926లో సింహళమునుండి తెచ్చిన ఒక చిన్న రంగుపురుగు కొన్ని ఏండ్లలోనే తినివేసినది. వయ్యారిభామమీదికి మెక్సికోనుండి తెచ్చిన పెంకుపురుగును 1984లో బెంగుళూరులో వదలిరి. వానాకాలములో ఆకులు జల్లెడవలె తినును, తరువాత నేలలో దాగును. గుర్రపుడెక్కకు కూడా ముక్కుపురుగులున్నవి, అవీ 1980లలో బెంగుళూరు చెరువులలో పనిచేసినవి. కాని మన చెరువులు ఎండాకాలములో అడుగంటును, పురుగు చచ్చును, బురదలో విత్తనము మాత్రము మిగులును. లంటానామీదికి 1941లో ఆస్ట్రేలియానుండి తెచ్చిన నల్లి ఆకులను ఎండగొట్టును గాని పొదను చంపలేకపోయినది. అన్ని సంకరములలో ఏదో ఒకటి దానికి లొంగదు. పురుగుమీద ఆశపెట్టుకొని గుద్దలి పక్కన పెట్టవద్దని నా సలహా.

కోనోకార్పస్ గురించి ఒక మాట. రోడ్డు నడుమ, ఇండ్లముందు పచ్చగా గోపురమువలె కత్తిరించి పెంచే చెట్టు అది. దానిమీద ఇప్పుడు పత్రికలలో చాల గోల. గుజరాతు ప్రభుత్వము 2023లో, తమిళనాడు ప్రభుత్వము 2025లో నాటవద్దని ఆజ్ఞలు ఇచ్చినవి. పుప్పొడివల్ల కొందరికి ఉబ్బసము, జలుబు పెరుగుననీ, వేళ్ళు నీటిగొట్టములలో దూరుననీ చెబుదురు. కొత్తగా నాటవద్దు, ఇంటిగోడ పక్కన, బోరు పక్కన ఉంటే తీసి వేపో కానుగో పెట్టుకోండి. అయితే అది లంటానావలె తనంతట గుట్టలెక్కి పోవుట లేదు. గోల దానిమీద, నష్టము దీనిమీద ఉన్నది. నర్సరీలలో వెడేలియా అని అమ్మే పసుపుపూల నేలతీగ విషయములో నాకు ఎక్కువ భయము. ప్రతి కణుపువద్ద వేరు దించును. ప్రకృతి పరిరక్షణకై పనిచేసే అంతర్జాతీయ సంఘము 2000 సంవత్సరములో ప్రకటించిన నూరు చెడ్డ వలసజాతుల జాబితాలో లంటానా, గుర్రపుడెక్కలతోపాటు ఇదికూడా ఉన్నది. కత్తిరించిన తీగలను కాలువలో, చెత్తకుప్పలో వేయకుండా ఎండలో మాడ్చితేగాని అది చావదు.

ఇక పెరటి చిక్కులు. రైతు వేదికలో కూర్చున్నప్పుడు పసుపు గురించి మగవారు అడుగుదురు, పెరటి గురించి ఆడవారు అడుగుదురు, ఆ రెండవ రకము ప్రశ్నలే నాకు కష్టమైనవి.

అందరూ అడిగేది మందారకు పట్టే తెల్లని దూది. అది బూజు కాదు, పిండినల్లి. పక్కనే చీమలబారు ఉండును. నల్లి విసర్జించే తీపికోసము చీమలు దానిని కాపాడి కొమ్మకొమ్మకు మోయును. ముందు చీమల దారి తెంచండి. బాగా పట్టిన కొమ్మలు కత్తిరించి సంచిలో వేసి, కాల్చండి. మిగిలినదానిమీద నీటిని బలముగా కొట్టి, ఆ తరువాత లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెము సబ్బు కలిపి ఆకు అడుగున తడిసేటట్లు వారానికొకసారి రెండు మూడు మార్లు చల్లండి. ఆ కొమ్మను గోడ అవతల పారవేయవద్దని ఎందుకు చెబుతున్నానంటే, పత్తిని నాశనము చేసే పిండినల్లి మందారమీద, వయ్యారిభామమీద, తుత్తురబెండమీద కూడా బ్రతుకును. మీ గోడ అవతలి కలుపే దానికి వంతెన. బొప్పాయిమీది పిండినల్లి వేరు జాతి. 2008లో కోయంబత్తూరులో కనబడి దక్షిణాది తోటలను ముంచినది. 2010లో ప్యూర్టోరికో దీవినుండి ఒక చిన్న కందిరీగవంటి పరాన్నజీవిని తెచ్చి వదలగా చాలవరకు అణగిపోయినది. ఇప్పుడు బొప్పాయిమీద ఘాటైన పురుగుమందు కొట్టేవారు నల్లికంటె ముందు ఆ మిత్రుని చంపుచున్నారు.

నిమ్మ, కరివేపాకు చిగుళ్ళు తెల్లారేసరికి మాయమయ్యేది సీతాకోకచిలుక పిల్లపురుగువల్ల. చిన్నప్పుడు పిట్టరెట్టవలె ఉండును, పెద్దదై పచ్చబడును. చేతితో ఏరివేస్తే చాలు. కూరకు కోసే కరివేపాకుమీద మందు కొట్టేవారికి నేనేమి చెప్పగలను?

సొర, బీర పిందెలు పసుపుబడి రాలుట గురించి. ఎరువు తక్కువ అని యూరియా వేయుదురు. ఆకు పెరుగును, పిందె మళ్ళీ రాలును. చాలమార్లు అక్కడ జరిగేది పుప్పొడి అందకపోవుట. సొరపువ్వు, బీరపువ్వు సాయంత్రము విచ్చును. ఊరి నడుమ ఆ వేళకు తిరిగే పురుగులు తక్కువ. పొద్దుగూకేవేళ మగపువ్వును త్రుంచి, రేకులు తీసి, ఆడపువ్వు నడుమ మెల్లగా అద్దండి. పువ్వు క్రింద బుల్లికాయ ఉన్నది ఆడది. గుమ్మడికైతే ఉదయము చేయవలెను. పిందె నిలిచిన తరువాత కుళ్ళి, లోపల తెల్లని పురుగులుంటే అది పండుఈగ. రాలినవాటిని ఏరి పూడ్చండి, ఎరబుట్టలు కట్టండి.

టమాట కాయ అడుగు నల్లగా అణగిపోతే మందులు కొనవద్దు. ఒకనాడు ముంచి, మూడునాళ్ళు ఎండగట్టుటవల్ల సున్నపు అంశము కాయకు అందక అట్లగును. కొంచెము కొంచెముగా నిత్యము నీరు పోసి, మొదట్లో ఎండుటాకు పరచితే తరువాతి కాయ బాగుండును. కుండీలో మొక్క వాడితే నీరు పోసేముందు వేలు రెండు అంగుళములు గ్రుచ్చి చూడండి. నల్లరేగడిమట్టి నింపిన కుండీలలో దాహముతో చచ్చేవాటికంటె మునిగి చచ్చేవి ఎక్కువ.

చివరగా పసుపు రైతుకు నేరుగా తగిలే సంగతి. నర్సరీలో కొన్న మొక్క సంచిలో మొక్క ఒక్కటే రాదు, మట్టి కూడా వచ్చును. ఆ మట్టిలో వేరుబుడిపెలు కలిగించే నులిపురుగు రావచ్చును. కంటికి కనబడదు. టమాట, వంగ, బెండ, ఎన్నో పూలమొక్కలు, జామ దానికి ఇష్టము. పసుపు కూడా ఇష్టమే. ఇటీవలి ఏండ్లలో జామతోటలను ఎండగొట్టిన నులిపురుగు నర్సరీ అంట్లతోనే రాష్ట్రాలు దాటినది. పసుపులో అది చేరితే మొక్క గిడసబారి, ఆకు పాలిపోయి, దుంప నిగారింపు తగ్గును. యార్డులో కొమ్ము రంగు చూచి ధర కట్టే వ్యాపారికి దాని కారణముతో పని ఉండదు.

కనుక మొక్క కొనేటప్పుడు పువ్వు చూచి మురియక, సంచి అడుగు కొంచెము చీల్చి వేరు చూపమనండి. వేళ్ళకు పూసలు గ్రుచ్చినట్లు బుడిపెలుంటే ఎంత చౌక అయినా వద్దు. చిక్కుడు, పెసర జాతుల వేళ్ళకుండే బుడిపెలు వేరు. గోటితో గీకితే ఊడివచ్చును, అవి మేలుచేసేవి. నులిపురుగు బుడిపె వేరే ఉబ్బినట్లుండును, ఊడదు. తెచ్చిన మొక్కను నెలదినములు విడిగా కుండీలో ఉంచి తరువాత పాదులో పెట్టండి. పాత కుండీల మట్టిని పసుపు చేనిలో పారబోయవద్దు; ఎండాకాలములో పట్టామీద పలుచగా పరచి రెండు మూడు వారములు మాడ్చినదానినే తిరిగి వాడండి. పెరటిలో ఇప్పటికే బుడిపెలున్న మడిలో ఒక పంటకాలము బంతి దట్టముగా వేసి, వేపపిండి కలపండి. చేనిలో అనుమానము ఉన్నవారు నాలుగైదు చోట్ల వేళ్ళతోసహా గుప్పెడు మట్టిని తడి ఆరకుండా సంచిలో కట్టి, కమ్మరపల్లి పసుపు పరిశోధన కేంద్రానికి గాని, రుద్రూరు కృషి విజ్ఞాన కేంద్రానికి గాని తీసుకొనిపోయి చూపించవచ్చును. సంచిమీద పొలము పేరు, తీసిన తేదీ, అంతకుముందు వేసిన పంట వ్రాసి పెట్టండి.